మంత్రగాడైన అయ్యవారు

సంపత్కుమారాచార్యులకు దేవుడిచ్చిన ఆస్తి గొంతు ఒక్కటే. తిరుపతిలో వాళ్ళ వీధి చివర ఉన్న చిన్న రాములవారి గుడిలో ఆళ్వార్ల పాశురాలు చదివే గోష్ఠికి ఇరవై ఏళ్ళుగా ఆయనే మొదటి మాట అందుకునేవాడు. ఆయన ఎత్తుకుంటే తక్కిన పదకొండు మందీ కలిసేవాళ్ళు. బతుకుదెరువుకు ఒక ఎయిడెడ్ హైస్కూల్లో తెలుగు పండితుడు, సంస్కృతం కూడా చెప్పేవాడు. పిల్లలకు ఆయన సంపత్ అయ్యవారు. క్లాసులో ఆయన గొంతు పెంచవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. పక్క గదిలో లెక్కలు చెప్పే టీచరమ్మే అప్పుడప్పుడు వచ్చి, కాస్త తగ్గించండి అయ్యవారూ అని బతిమాలేది.

ఆ గొంతుకు తగిన వేషం మాత్రం ఆయనకు ఎన్నడూ దొరకలేదు. వయసులో ఉన్నప్పుడు పదేళ్ళపాటు ఊళ్ళో నాటక సమాజం చుట్టూ తిరిగాడు. మనిషి పొట్టి, బక్కపలచన. రాజుకు ఎత్తు చాలదన్నారు, మంత్రికి ఛాతీ చాలదన్నారు. చివరికి తెర వెనక నిలబెట్టి ఆకాశవాణి మాటలు పలికించారు. పదేళ్ళూ ఆయన వేసింది ఆ ఒక్క వేషమే. జనం ఆ గొంతు విని ఉలిక్కిపడేవాళ్ళు గానీ మనిషిని చూసినవాడు లేడు. పెళ్ళయ్యాక అదీ మానేశాడు. యాభై దాటేసరికి ఇంట్లో నాటకాల ఊసే లేదు.

1998 ఏప్రిల్లో, వార్షిక పరీక్షల పేపర్లు దిద్దుతున్న రోజుల్లో, హరినాథ్ అనే సినిమా మేనేజరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నగరి దగ్గర కొండల కింద పాడుబడిన మండపంలో షూటింగు జరుగుతోందట. పూజారి వేషానికి తెచ్చుకున్న నటుడికి నాలుక తిరగక, ఒక్క శ్లోకానికి రెండు పూటలు పట్టిందట. ఎవరో ఈయన పేరు చెప్పారు.

"పన్నెండు రోజుల పని సార్. బండి పంపిస్తాం" అన్నాడు హరినాథ్.

వీధి మలుపు దాకా సాగనంపుతూ కథ ఏమిటని అడిగాడు సంపత్కుమారాచార్యులు. హరినాథ్ దాచకుండా చెప్పాడు. సినిమా పేరు 'ఏడో గడప'. ఒక పాత గుడిలో నేల కింద ఏడో గడప ఉంటుంది. అమావాస్యకొక ఆడపిల్ల ఊళ్ళో మాయమవుతుంది. ఆరా తీయడానికి వచ్చిన పోలీసు అధికారికి ఊళ్ళో అందరిమీదా అనుమానమే, ఒక్క పూజారి మీద తప్ప. సగం సినిమా అయ్యాక తెలుస్తుంది, ఆ గడప తెరవడానికి పిల్లల్ని బలి ఇస్తున్నది పూజారేనని. చివర్లో స్వామే రాతిలోంచి లేచి వచ్చి వాణ్ణి మట్టుపెడతాడు.

"అంటే నేను దుర్మార్గుణ్ణా?"

"సినిమా మీదే సార్. హీరో పేరుకు మాత్రమే."

సంపత్కుమారాచార్యులు ఆలోచించి చెబుతానన్నాడు గానీ, ఇంటికి తిరిగి నడిచేలోపలే ఒప్పేసుకున్నాడు. భార్య వకుళాదేవితో మాత్రం, "పూజారి వేషమట" అని ఊరుకున్నాడు. అది అబద్ధం కాదు. ఆవిడ సంతోషపడింది. మడిపంచెలు రెండు ఉతికి మడిచి పెట్టింది. నామాలు దిద్దుకునే తిరుమణి, శ్రీచూర్ణం ఉన్న తన పుట్టింటి వెండి పెట్టె తీసి ఇచ్చి, జాగ్రత్త అని చెప్పింది. తక్కిన కథ రేపు చెబుదామనుకున్నాడు ఆయన. ఆ రేపు ఎనిమిది నెలలు రాలేదు.

షూటింగులో నాలుగో రోజు గొడవ వచ్చింది. హోమగుండం ముందు కూర్చుని మంత్రం చదివే సీను. డైరెక్టరు సహాయకుడు ఎక్కడో సంపాదించి రాసుకొచ్చిన కాగితం చూస్తే, అందులో స్వామి పేర్లు ఉన్నాయి.

"ఈ పని చేస్తూ స్వామి పేరు నా నోటితో పలకను" అన్నాడు సంపత్కుమారాచార్యులు.

"మంత్రం లేకుండా మంత్రగాడేంటి సార్?" అని డైరెక్టరు విసుక్కున్నాడు. ముప్పై ఏళ్ళు లేని కుర్రవాడు. ఎండ మీదికొస్తోంది. నూరుమంది ఎదురుచూస్తున్నారు.

పాఠశాలలో చిన్నప్పుడు బట్టీయం పెట్టిన శబ్దాలు గుర్తొచ్చాయి ఆయనకు. సంస్కృతంలో ఒక్కో మాటనూ ఎనిమిది విభక్తుల్లో వల్లె వేయాలి. అన్నిటికంటే నోరు తిరగనిది ఎద్దుకు సంబంధించిన శబ్దం. దాని దగ్గర తప్పి బెత్తం దెబ్బలు తినని పిల్లవాడు లేడు. ఆయన కళ్ళు మూసుకుని, నాభిలోంచి గొంతు లేపి అందుకున్నాడు. "అనడ్వాన్... అనడ్వాహౌ... అనడ్వాహః!" గుప్పెడు కుంకుమ నిప్పులో పడింది. "అనడుహా! అనడుద్భ్యాం! అనడుద్భిః!" మండపం రాళ్ళు ఆ మాటను పట్టుకుని తిరిగి కొట్టాయి. లైట్లు పట్టుకున్న మనుషులు కదలలేదు. ఏడో విభక్తి దాకా ఊపిరి తిప్పుకోకుండా వెళ్ళి, "అనడుత్సు!" అని కళ్ళు తెరిచాడు.

మొదట డైరెక్టరే కుర్చీలోంచి లేచాడు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. వంటవాళ్ళు కూడా గరిటెలు కింద పెట్టి కొట్టారు. అంతమంది తన మొహం చూసి చప్పట్లు కొట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. కడుపు నిండిపోయినట్టు ఉండింది.

సినిమా డిసెంబరు పద్దెనిమిదిన విడుదలయింది. ధనుర్మాసం వచ్చి మూడో రోజు. తెల్లవారుజామున గోష్ఠిలో పాశురాలు మొదలెట్టి వచ్చినవాడే, మధ్యాహ్నం ఆటకు వకుళాదేవిని, ఇంటర్ చదువుతున్న కూతురు మోక్షితను తీసుకుని బాల్కనీలో కూర్చున్నాడు. ముందుగా చెప్పేద్దామని దారిలో రెండుసార్లు నోరు తెరిచాడు. ఆవిడ కొత్త పట్టుచీర సర్దుకుంటూ ఎదురొచ్చిన వాళ్ళందరికీ, "మా ఆయన వేసినారు, పూజారిగా" అని చెబుతోంది. ఆయన నోరు మూసుకున్నాడు.

మొదటి సగం ఆవిడ మురిసిపోయింది. తెర మీద భర్త తీర్థం ఇస్తుంటే చేతులు జోడించింది. విశ్రాంతికి ముందు పూజారి నేలబండ ఎత్తి కిందికి దిగాడు. నుదుట, ఛాతీ మీద, భుజాల మీద పన్నెండు నామాలు. నిప్పుల ముందు జుట్టు విరబోసిన ఆడపిల్ల. ఎడమచేత్తో ఆ పిల్ల జుట్టు చుట్టిపట్టుకుని "అనడ్వాన్" అని గర్జించాడు. హాలంతా ఒక్కసారి కేకపెట్టింది. వకుళాదేవి భర్త వైపు తిరిగి చూసింది. లేచి, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మోక్షిత వెనకాలే పరుగెత్తి, విశ్రాంతి అయిపోతుండగా ఒక్కతే తిరిగొచ్చింది.

"అమ్మ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది నాయనా. మీరు రావద్దని చెప్పమంది."

ఆయన లేవలేకపోయాడు. చివర్లో రాతిలోంచి స్వామి లేచాడు. పూజారి గుండెలు చీలుతుంటే జనం ఈలలు వేశారు, కాగితాలు ఎగరేశారు. కింద తరగతిలో ఎవరో ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టి తెరకు హారతి ఇచ్చారు. "సావు నాయాలా!" అని అరుపులు. ఎనిమిది వందలమంది తన చావుకు పండగ చేసుకుంటుంటే ఆయన చీకట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని చూశాడు.

మెట్ల మీదకు వచ్చేసరికి అక్కడ వాదన రాజుకుంది. పూతలపట్టు నుంచి వచ్చిన గురప్ప అనే రైతు తువ్వాలు దులుపుతూ, "సివర్లో సామి లేసొస్తే నాకు ఒళ్ళు జలదరించినాదబ్బా. ఇట్టాంటి సినిమా రావల్ల. దేవుడు లేడనేవోళ్ళకు సూపించల్ల" అంటున్నాడు.

"సామి వొచ్చింది రెండు నిముసాలు" అన్నాడు ఎదుటివాడు. "తక్కిన రెండున్నర గంటలు నామాలు పెట్టుకోని వాడు సేసిందేంది? ఏ గుళ్ళో సేస్తారప్పా అట్ట? తీసినోణ్ణి సెప్పుతో కొట్టల్ల."

"ఇంటర్వెల్ దాకా బాగుండాది. ఆమైన సాగదీసినాడు" అని మధ్యలో ఇంకొకడు. వాడి మాట ఎవరూ వినలేదు.

"అన్ని గుళ్ళూ నువ్వు తిరిగొచ్చినావా, సెయ్యరని సెప్పేదానికి?" అని గురప్ప రెట్టించాడు. అవతలివాడు గురప్ప చొక్కా పట్టుకున్నాడు. ఆ తోపులాటలో గురప్ప చూపు సంపత్కుమారాచార్యుల మీద పడింది. "ఈయప్పే! ఆ పూజారి ఈయప్పే!"

జనం మూగారు. ఒక ముసలావిడ వంగి ఆయన కాళ్ళు ముట్టుకుని, తర్వాత భయపడి చెయ్యి చీరకు తుడుచుకుంది. ఎవరో ఉత్తరీయం పట్టి లాగారు. "నామాలు పెట్టుకోని ఆ పని సేస్తావా?" అని ఒకడు మొహం మీదికి ఉమ్మాడు. ఉమ్ము భుజం మీద పడింది. మోక్షిత తండ్రి చెయ్యి పట్టుకుని జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఆటోలోకి ఎక్కించింది. ఆటోలో ఆ పిల్ల ఏడుస్తూనే అంది: "చాలా బాగా చేసినారు నాయనా. నాకు నిజంగా భయమేసింది."

మర్నాడు తెల్లవారుజామున ఆయన గోష్ఠికి వెళ్ళాడు. తన చోటులో యదునందనాచార్యులు కూర్చుని ఉన్నాడు. ఆయనా ఈయనా ఒకే పాఠశాలలో ఒకే గురువు దగ్గర ఎనిమిదేళ్ళు చదివినవాళ్ళు. తర్వాత యదునందన్ మఠం వ్యవహారాల్లో పెద్దమనిషి అయ్యాడు. గొంతు బొంగురు కావడం వల్ల ఇరవై ఏళ్ళుగా రెండో వరుసలో కూర్చుంటున్నాడు. ఆ రోజు మొదటి మాట ఆయనే అందుకున్నాడు. సంపత్కుమారాచార్యులు చివర కూర్చుని కలిశాడు. పాశురాలయ్యాక అర్చకుడు తీర్థం ఇస్తూ వచ్చి, ఈయన దగ్గర ఒక్క క్షణం ఆగి, యదునందన్ వైపు చూసి, ముందుకు దాటుకున్నాడు. చాచిన అరచెయ్యి అలాగే ఉండిపోయింది. చుట్టూ పదిమంది ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

వారం తిరగకముందే తిరుపతి రెండుగా చీలింది. థియేటరు ముందు ఒక గుంపు పోస్టర్లకు పేడ కొట్టింది. ఇంకో గుంపు స్వామి బొమ్మ ఉన్న పోస్టరుకు దండ వేసింది. కరపత్రాలు వచ్చాయి. బడికి పోయే దారిలో పిల్లలు గోడ చాటు నుంచి "అనడ్వాన్!" అని అరిచి పారిపోయేవాళ్ళు. సినిమా బాగుందన్నవాళ్ళు కూడా ఈయన్ని చూస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. ఇంట్లో వకుళాదేవి కంచం పెట్టి, వడ్డించి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఉప్పు తక్కువైందని ఆయనా అనలేదు.

ఒకనాడు మునిలక్ష్మి అనే ఆవిడ బడికి వచ్చింది. ఊరి బయట చేను చేసుకునే కుటుంబం. కూతురు మహిత ఏడో తరగతి. ఆ పిల్ల పిన్నమ్మతో సినిమాకు పోయి వచ్చినప్పటి నుంచి జ్వరంతో పడుకుంది.

"మా బిడ్డకు పట్టింది నువ్వే తీసెయ్యల్ల అయ్యోరూ" అంది మునిలక్ష్మి వరండాలో అందరూ వింటుండగా.

"నేను పెట్టిందేమీ లేదమ్మా. అది సినిమా. డాక్టరుకు చూపించు."

"సూపించినా. సూదులేసినాడు. ఇంగా కలవరిస్తానే ఉండాది. నీ పేరు సెప్తే సాలు, దుప్పటి తల మిందికి లాక్కుంటాది. ఏం లేకపోతే ఎందుకట్ట సేస్తాది? నీకు దండం పెడతా సామీ, ఇప్పెయ్యి."

ఆయనకు రెండు రోజులు మనసు నిలవలేదు. పిల్ల తెలివైనది, ఆయన క్లాసులో ముందు వరుసలో కూర్చునేది. ఆదివారం పొద్దున సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళాడు. మహిత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన మంచానికి దూరంగా పీట మీద కూర్చుని, పలక అడిగి తీసుకుని ఒక మాట రాశాడు.

"ఇదేంటో తెలుసా మహితా? నేను సినిమాలో చెప్పిన మంత్రం. దీనికి అర్థం ఎద్దు."

కాసేపటికి దుప్పటిలోంచి ఒక కన్ను కనబడింది. "ఎద్దా?"

"అనడ్వాన్ అంటే ఒక ఎద్దు. అనడ్వాహౌ అంటే రెండెద్దులు. అనడ్వాహః అంటే చాలా ఎద్దులు. అనడుహా అంటే ఎద్దు చేత. మీ కొట్టంలో ఎన్ని ఉన్నాయి?"

"రెండు."

"అయితే మీవి ఏమవుతాయి?"

పిల్ల ఆలోచించింది. "అనడ్వాహౌ" అంది. ఆ తర్వాత నవ్వింది. తొమ్మిది రోజుల్లో ఒక మనిషి ఆయన మొహంలోకి చూసి నవ్వడం అదే మొదలు. గంటసేపు కూర్చుని ఆ శబ్దమంతా నేర్పించాడు. మంగళవారానికి జ్వరం దిగింది.

గురువారం మహిత బడికి వచ్చింది. తనకు భయం పోయిందని చూపించుకోవాలని మధ్యాహ్నం భోజనాల దగ్గర గొంతెత్తి అందుకుంది. పదిమంది ఆడపిల్లలు చుట్టూ చేరి కలిశారు. "అనడుద్భ్యాం! అనడుద్భిః!" అని పెరడంతా దద్దరిల్లింది. సాయంత్రానికి ఆ పాట పది ఇళ్ళకు పాకింది. శుక్రవారం పొద్దున తల్లిదండ్రులు కరెస్పాండెంటు గది ముందు నిలబడ్డారు. సినిమాలో చేసింది చాలక, పిల్లలకు క్షుద్రం నేర్పుతున్నాడట.

సంపత్కుమారాచార్యులు నల్లబల్ల మీద రాసి మరీ చెప్పాడు. ఎవరూ వినలేదు. చివరికి వెనకాల నిలబడ్డ మునిలక్ష్మిని చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఆమెను అడగండి. నేను వాళ్ళింటికి పోయి ఏం చేసినానో ఆమెకు తెలుసు."

మునిలక్ష్మి అందరి మొహాలూ చూసింది. "అయ్యోరు వొచ్చి సెప్పినంక మా బిడ్డకు తగ్గిపోయినాది. నేను అబద్దం సెప్పను" అంది. "డాక్టరు సూదికి తగ్గంది ఆ మాటతో తగ్గినాదంటే, అది వుత్త మాట కాదు గదా. మంత్రమే."

ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా దండగే అయింది. కరెస్పాండెంటు మర్యాదస్తుడు. అందరినీ పంపించి, కుర్చీ చూపించి, "మీరు చెప్పేది నాకు అర్థమయింది అయ్యవారూ. కానీ బడి నడపాలి కదా. ఐరాలలో మన బడికి తెలుగు పండితుడు లేడు. సంక్రాంతి సెలవులయ్యాక అక్కడ చేరండి" అన్నాడు. ఐరాలకు పోవాలంటే పూతలపట్టులో బస్సు మారాలి. పోనూ రానూ ఐదు గంటలు.

ఇది చాలదన్నట్టు గోష్ఠివాళ్ళు ఒక షరతు పంపారు. నామాలు ధరించి క్షుద్రమంత్రం పఠించినందుకు, తెలియక చేశాను క్షమించండి అని కాగితం రాసి గుడిలో చదవాలి. అప్పుడు చోటు, తీర్థం రెండూ తిరిగి ఇస్తారు. సంపత్కుమారాచార్యులు కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు. మూడు వాక్యాలు రాశాడు.

వంటింటి గడప దగ్గర నిలబడి వకుళాదేవి అడిగింది. పదిహేను రోజుల్లో అదే పెద్ద మాట. "ఏమి రాసినారు?"

"తెలియక చేసినానని."

"తెలియకనా?"

ఆయన తల దించుకున్నాడు. "తెలిసే చేసినాను. మేనేజరు ఆ రోజే కథంతా చెప్పినాడు."

"తెలుసు. మీరు సినిమా చూస్తా నా వైపు తిరగలేదు. అప్పుడే అర్థమయింది." ఆవిడ గడప దాటి ఇవతలికి వచ్చింది. "వేషం వేసినందుకు కాదండీ నా మంట. ఏప్రిల్లో చెప్పింటే పోట్లాడేదాన్ని. రెండు పూటలు అన్నం మానేసేదాన్ని. అంతే కదా? నా చేత్తో మడిపంచె మడిచి పెట్టించుకున్నారు. మా అమ్మ పెట్టె ఇప్పించుకున్నారు. ఊరందరికీ నేనే చెప్పుకున్నాను, పూజారి అని. వాళ్ళ మధ్యలో కూర్చోబెట్టి చూపించినారు."

"చెబితే వద్దంటావని భయం. నాకు అది కావాలి వకుళా. పదేళ్ళు తెర వెనక నిలబడినాను. అక్కడ అంతమంది నన్ను చూసి చప్పట్లు కొట్టినారు. ఇప్పుడు మొహాన ఉమ్మినా కూడా, చేయకుండా ఉండింటే బాగుండేదని నాకు అనిపించడం లేదు."

ఆవిడ కాగితం తీసి ఆ మూడు వాక్యాలూ చదివింది. "నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఆ అబద్ధం కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు గుడి మంటపంలో గోష్ఠి కూర్చుంది. యదునందనాచార్యులు చెయ్యి చాచాడు. "కాగితం."

"తేలేదు" అన్నాడు సంపత్కుమారాచార్యులు. "నేను చదివింది క్షుద్రమంత్రం కాదు. ఎద్దు శబ్దం. యదూ, వీళ్ళకు తెలియకపోవచ్చు. నీకు తెలుసు. మన గురువుగారి దగ్గర మూడో విభక్తిలో తప్పితే ఇద్దరినీ కలిపి ఎండలో నిలబెట్టినారు. నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు."

అందరూ యదునందన్ వైపు తిరిగారు. ఆయన మొహంలో ఏదో కదిలింది. పెదవులు కొద్దిగా, చప్పుడు లేకుండా, ఆ శబ్దం వెంట పోయి ఆగడం సంపత్కుమారాచార్యులు స్పష్టంగా చూశాడు.

"నాకు అట్లాంటిదేమీ గుర్తు లేదు" అన్నాడు యదునందన్.

సంపత్కుమారాచార్యులు లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "వేషం వేసినందుకు నేను క్షమాపణ చెప్పను. చెప్పవలసింది ఇంట్లో ఒకరికి ఉంది, అక్కడ చెప్పుకుంటాను. మీకు నేను బాకీ పడింది ఏమీ లేదు."

"అయితే ఈ గడప తొక్కొద్దు" అన్నాడు యదునందన్.

"నీ గడప కాదు ఇది."

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు మీదికి లేచారు. ఒకాయన ఆయన భుజం పట్టి మెట్ల దాకా తోశాడు. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగనివ్వలేదు. ఎండలో, వీధి జనం తలుపుల్లోంచి చూస్తుండగా, సంపత్కుమారాచార్యులు ఉత్త కాళ్ళతో ఇంటికి నడిచి వచ్చాడు. ఆ రోజు నుంచి బతికినన్నాళ్ళూ ఆ గుడి మెట్లెక్కలేదు.

సినిమా తిరుపతిలో మూడు వారాలకే ఎత్తేశారు. చిత్తూరులో యాభై రోజులు ఆడిందని చెప్పుకున్నారు. ఎండాకాలంలో హరినాథ్ ఇంకో మంత్రగాడి వేషం పట్టుకుని వచ్చాడు. ఈసారి డబ్బు కూడా ఎక్కువ. సంపత్కుమారాచార్యులు ఆయన్ని నడవలో కూర్చోబెట్టి, కథంతా వకుళాదేవికే చెప్పమన్నాడు. ఆవిడ చివరి దాకా విని, వద్దంది. ఆయనా హరినాథ్‌తో వద్దనే అన్నాడు. మానేసిన సంగతి గోష్ఠివాళ్ళకు తెలిసేటట్టు చెయ్యమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆయన పట్టించుకోలేదు.

ఐరాల పిల్లలు మొదటి నెల భయపడ్డారు, రెండో నెల ఆటపట్టించారు, ఆ తర్వాత మామూలైపోయారు. తెల్లవారుజామున బస్సుకు పోయేముందు ఆయన ఇంట్లోనే పాశురాలు చదువుకునేవాడు. గోడవతల వాళ్ళు కిటికీ మూసేవాళ్ళు. వకుళాదేవి చాలా రోజులు వంటింట్లోనే పని చేసుకుంటూ ఉండిపోయింది. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకనాడు వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. కలవలేదు, విన్నది. ఆయన అదే చాలనుకున్నాడు. మోక్షిత పెళ్ళికి ఆ వీధి నుంచి నాలుగిళ్ళ వాళ్ళు వచ్చారు. పిలిచింది నలభై ఇళ్ళను.

2003లో, రిటైరు కావడానికి కొన్నాళ్ళ ముందు, ఒక సాయంత్రం పూతలపట్టు కూడలిలో బస్సు కోసం నిలబడ్డాడు. రేకుల షెడ్డు కింద ఒకటే బల్ల. దాని మీద యదునందనాచార్యులు కూర్చుని ఉన్నాడు. కాణిపాకం వెళ్ళి వస్తున్నట్టుంది, చేతిలో ప్రసాదం పొట్లం. బాగా చిక్కిపోయాడు. ఎండ మండిపోతోంది, ఇంకెక్కడా నీడ లేదు. సంపత్కుమారాచార్యులు బల్ల రెండో కొసన కూర్చున్నాడు.

పావుగంట గడిచింది. లారీలు పోతున్నాయి.

"ఆ సినిమాలో నీకు అంత తప్పుగా తోచింది ఏది యదూ?" అని అడిగాడు చివరికి. "నామాలా? మంత్రమా? ఆ పిల్ల జుట్టు పట్టుకోవడమా? ఈ ఐదేళ్ళలో రోజుకొకటి అనుకున్నాను. తేల్చుకోలేకపోయినాను."

యదునందన్ రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "నేను చూడలేదు."

"ఏది?"

"సినిమా. నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు."

సంపత్కుమారాచార్యులకు ఒళ్ళంతా భగ్గుమంది. అరవాలనిపించింది. ఆ గొంతు ఎత్తితే కూడలిలో ఉన్న ప్రతి మనిషీ తిరిగి చూసేవాడు. "చూడకుండానే నన్ను గెంటించినావా?" అన్నాడు మెల్లగా.

"చూడాల్సిన పని లేదు. నువ్వు ఎట్లా చేసింటావో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి వింటానే ఉన్నాను కదా నీ గొంతు." ఆ మాటలో ఇరవై ఏళ్ళ చేదు ఉంది. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

తిరుపతి బస్సు వచ్చి ఆగింది. యదునందన్ పొట్లం చంకలో పెట్టుకుని ముందు తలుపు ఎక్కాడు. సంపత్కుమారాచార్యులు వెనక తలుపు దాకా వెళ్ళి, కడ్డీ మీద చెయ్యి వేసి, తీసేశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆయన తిరిగి వచ్చి, ఖాళీ బల్ల మీద కూర్చుని, తర్వాతి బస్సు కోసం గంటన్నర ఎదురుచూశాడు.